వెనక చప్పుడు

సంచి అడుగున బరువైనవి, పైన మెత్తనివి. ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి వెళ్ళినా సంచి సర్దేది అక్కే. ఆ వరస ఆమె ఎన్నడూ తప్పలేదు. ముందు బూట్లను పాత కాగితంలో చుట్టి, ఒకదాని మడమ దగ్గరికి ఇంకొకదాని మొన వచ్చేలా అమర్చింది. సందుల్లో మేజోళ్ళు కూరింది. ఆ పైన నర్సు దుస్తులు, ఇస్త్రీ మడత చెడకుండా. ఉన్ని స్వెటర్‌ని మాత్రం పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. కొండ మీద చలి ఎంత ఉంటుందో ఏం తెలుసు? తెలియని చోటికి సంచి సర్దడమంటే కొలతలివ్వని మనిషికి చొక్కా కుట్టడమే.

బయట మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. ఆగిన తరువాత కూడా మనిషి లోపలికి రాలేదు. అక్క కిటికీలోంచి తొంగి చూసింది. చెల్లెలు బండి దిగకుండా, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, మెడ తిప్పి వెనక సీటు వైపు చూస్తూ కూర్చుంది.

"ఏమైందే?"

"మళ్ళీ కొడుతోందక్కా."

"ఎక్కడ?"

"వెనక. నలభై దాటగానే మొదలవుతుంది. ఎవరో వెనక కూర్చుని కాలితో టక టక టక అని కొడుతున్నట్టు. మెల్లగా పోతే ఆగిపోతుంది."

అక్క చేతిలో స్వెటర్ అలాగే ఉండిపోయింది. ఆ బండి మరిదిది, చెల్లెలి మొగుడిది. మరిది పోయాక చాలాకాలం దాని మీద దుప్పటి కప్పి ఉంచారు. కిందటి చలికాలంలో చెల్లెలే దుప్పటి తీసింది, తానే నేర్చుకుంది. కొండ మీది ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చిందనీ, ఆ ఘాట్ రోడ్డు మీదికి బస్సులు సరిగా పోవనీ, బండి ఉంటే చుట్టుపక్కల గుడిసెలకు కూడా వెళ్ళి రావచ్చనీ చెప్పింది. సోమవారం చేరాలి. అక్క అప్పట్నించీ ఆమెను ఆపడానికి ఒక్క సాకు కోసం ఇల్లంతా వెతుకుతోంది. సాకు ఇప్పుడు బండెక్కి గుమ్మంలోకే వచ్చింది.

"అదేమిటో తేలేదాకా నువ్వు కదలడానికి వీల్లేదు," అంది. ఆ గొంతులో భయం ఎంతుందో సంతోషం అంతే ఉంది. "ఘాట్ రోడ్డు మీద చక్రం ఊడితే పట్టుకోవడానికి అక్కడ నేనుంటానా?"

"చక్రం ఊడదులేవే. పద, మేస్త్రి దగ్గరికి పోదాం. నువ్వు కూడా రా."

మేస్త్రి షెడ్డు రెండు వీధుల అవతల, పాత గోదాము గోడకు ఆనుకుని ఉంటుంది. ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. ఎప్పుడో జాకీ జారి, బ్రేకు తొక్కే కాలు చితికింది. అప్పట్నించి ఆయన బండి నడపలేడు. బండి తెచ్చినవాణ్ణే నడపమని, తాను వెనక కూర్చుని, కళ్ళు మూసుకుని వింటాడు. రోడ్డు చివరి దాకా వెళ్ళి వచ్చేలోపు రోగం పేరు చెప్పేస్తాడు. "నడిపేవాడికి గాలి తప్ప ఏమీ వినపడదు. వినేవాడు ఎప్పుడూ వెనకే ఉండాలి," అన్నది ఆయన సిద్ధాంతం. ఎదుటి టీకొట్టువాడు మాత్రం, "కాలు పోయాక సిద్ధాంతం పుట్టింది" అంటాడు.

మేస్త్రి బండిని స్టాండు మీద నిలబెట్టి స్టార్టు చేయమన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కాడు. డాక్టరు గుండె విన్నట్టు ఒక్కొక్క చోటే విన్నాడు. పక్కన చైన్ కవర్ మీద, కింద గేరు పెట్టె మీద, వెనక మడ్‌గార్డు మీద. పాత బండి వణుకు పిడిలోంచి ఆయన దవడలోకి పాకి, మీసం చివర అదురుతోంది.

"ఇంజన్ బంగారం అక్కగారూ. మన ఇద్దరికంటే ఆరోగ్యంగా ఉంది," అన్నాడు. "పదమ్మా, ఒక రౌండు కొట్టుకొద్దాం."

చెల్లెలు నడిపింది. మేస్త్రి వెనక కూర్చుని ఆమె భుజం మీదుగా చెవి వంచాడు. వాళ్ళు పెద్దరోడ్డు దాకా వెళ్ళి వచ్చారు. దిగగానే మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా."

"అరవైలో పోయాను కదన్నా. మీకు వినపడలేదా?"

"నీకు వినపడిందా?"

చెల్లెలు తడబడింది. "ఇప్పుడు... ఇప్పుడు రాలేదు."

"చూశావా, నన్ను చూసి భయపడింది," అని మేస్త్రి నవ్వాడు.

అయినా వదల్లేదు. చైన్ బిగించాడు. సైలెన్సర్ పట్టీ కింద రేకుముక్క పెట్టాడు. ట్యాంకు కింది రబ్బర్లు అరిగాయని కొత్తవి వేశాడు. వెనక భాగంలో చేతికి అడ్డు తగిలిన ప్రతిదాన్నీ పక్కకు మడిచి, లోపలి బోల్టులన్నీ పానాతో ఒకటొకటే పట్టి చూశాడు. సాయంత్రం అక్కను కూడా ఎక్కమన్నాడు. "ఆడవాళ్ళ చెవి సన్నం. మీరు వినండి." అక్క జన్మలో ఎక్కని బండి అది. రెండు కాళ్ళూ ఒకే పక్క వేసుకుని కూర్చుని, చెల్లెలి నడుం పట్టుకుని, కింద కాళ్ళు పెట్టుకునే కడ్డీని మునిగే పడవలోని మనిషి పలకను తొక్కినట్టు తొక్కిపట్టింది. ఆ భయంలో కూడా చెవులు రిక్కించే ఉంది. గాలి వినపడింది, ఇంజన్ వినపడింది, తన గుండె వినపడింది. ఇంకేమీ వినపడలేదు.

"ఏమైనా విన్నావా అక్కా?" దిగాక చెల్లెలు ఆశగా అడిగింది.

"లేదే," అంది అక్క. అది నిజమే.

అక్క నడిచి ఇంటికి బయల్దేరింది. చెల్లెలు ఒంటరిగా బండి మీద వచ్చింది. గుమ్మంలో కలుసుకునేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉంది. "దారంతా కొట్టిందక్కా."

మర్నాడు మళ్ళీ షెడ్డుకు. మేస్త్రి ఈసారి గోదాము వెనక వాలు దగ్గరికి తీసుకుపోయాడు. పైన ఇంజన్ ఆపించి, న్యూట్రల్‌లో వాలు మీదికి వదలమన్నాడు. ఇంజన్ నోరు మూసుకున్నాక కూడా మోత ఉంటే అది చక్రానిది, చట్రానిది. యథాప్రకారం ఆయన వెనక కూర్చున్నాడు. బండి గాలిలో కాగితంలా జారింది. టైరు రోడ్డును నాకుతున్న సవ్వడి తప్ప ఏమీ లేదు. వెనక చక్రం విప్పాడు, బేరింగులు వేలితో తిప్పి చూశాడు, మడ్‌గార్డు విప్పి మళ్ళీ బిగించాడు. ప్రతిసారీ ఆయన వెనక కూర్చుంటే చప్పుడు లేదు. ఆమె ఒక్కతే వెళ్ళి వస్తే ఉంది.

టీకొట్టువాడు గ్లాసులు కడుగుతూ ఊరుకోలేదు. "మొగుడి బండి కదమ్మా. పరాయివాడు వెనకెక్కితే ఆయన మర్యాదగా దిగిపోతున్నాడేమో!"

బెంచీ మీది వాళ్ళు నవ్వారు. ఒకడు నవ్వుతూ నవ్వుతూ చెల్లెలి ముఖం చూసి గ్లాసులోకి తల వంచుకున్నాడు.

శనివారం మధ్యాహ్నానికి మేస్త్రి పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దేశాడు. అక్కను షెడ్డు మూలకు పిలిచి గొంతు తగ్గించాడు. "అక్కగారూ, తప్పుగా అనుకోవద్దు. నా చెవి ఇన్నేళ్ళలో నాకు అబద్ధం చెప్పలేదు. బండిలో ఏమీ లేదు. మనిషి పోయిన బాధ ఎక్కడో ఒకచోట మోగుతుంది. ఆమెనే ఎవరైనా డాక్టరుకి చూపించండి. అలాంటి మనసుతో ఘాట్ రోడ్డు ఎక్కనివ్వకండి."

అక్క తల ఊపింది. కాదని అనాల్సిన మాట నోటిదాకా రాలేదు. ఆ మాటల్లో తనకు కావలసినదేదో ఉంది. కళ్ళెత్తేసరికి చెల్లెలు బండికి అవతల, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. వింది. అక్క తల ఊపడం కూడా చూసింది.

ఆ రోజు ఇంటికి ఇద్దరూ నడిచే వచ్చారు, చెల్లెలు బండిని తోసుకుంటూ. దారి సగంలో అడిగింది. "నువ్వు కూడానా అక్కా?"

"నాకు వినపడలేదు కదే. వినపడనిది వినపడిందని ఎలా చెప్పను?"

"చెప్పమనలేదు."

మధ్యాహ్నం అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది. బడిపిల్లల యూనిఫారాలు కుప్పగా ఉన్నాయి. మనసు బాగాలేనప్పుడు ఆమెకు కాళ్ళు ఆడాలి. జేబులు కుట్టింది, కాలర్లు కుట్టింది. ఒక చొక్కా అంచు కుట్టేసి గుడ్డ లాగేసింది, కాళ్ళు మాత్రం ఆలోచనలో పడి తొక్కుతూనే ఉన్నాయి. గుడ్డ లేని మిషను ఖాళీగా పరిగెత్తింది. సూది పక్కన గుడ్డను నొక్కిపట్టే ఇనప పాదం, కింద నొక్కడానికేమీ లేక, పలక మీద టకటకటకటక కొట్టుకుంది.

అక్క తొక్కడం ఆపింది.

ఇంకో గుడ్డ పెట్టి తొక్కింది. చప్పుడు లేదు. గుడ్డ తీసి తొక్కింది. టకటకటక. ఇన్నేళ్ళుగా రోజూ విన్న చప్పుడే. ఎవరైనా అడిగితే అదసలు చప్పుడే కాదనేది. పాదం కింద గుడ్డ ఉంటే అది గుడ్డను నొక్కుతుంది. ఏమీ లేకపోతే ఖాళీని కొడుతుంది.

లేచి వెనక వసారాలోకి వెళ్ళింది. బండి గోడకు ఆనుకుని ఉంది. వెనక సీటు కింద ఎడమవైపు, రెండు రోజుల కిందట తాను ప్రాణం బిగపట్టి తొక్కిన ఫుట్‌రెస్ట్. వేలితో పైకి మడిచి వదిలింది. టక్‌మని పడింది. మడిచేది కాబట్టి కదలాలి, కానీ ఇది పళ్ళూడిన దవడలా ఊగుతోంది. పిన్ను అరిగి, దాని చుట్టూ వేలి గోరు దూరేంత సందు ఏర్పడింది. కుడివైపుది కదిపితే గట్టిగా, మర్యాదగా ఉంది. ఎవరైనా వెనక కూర్చుని కాలు మోపితే ఇక ఊగదు. ఎవరూ లేకపోతే వేగంలో పుట్టే వణుకంతా దాని మీదే ఆడుతుంది. వినడానికి వెనక ఎక్కిన ప్రతివాడూ దాని నోరు కాలితో మూసి, మౌనంగా ఉందని తీర్పు చెప్పాడు.

అక్క గోడకు చేరగిలబడింది. మొదట నవ్వు వచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారు. ఆ తరువాత నవ్వు పోయింది. ఈ మాట చెబితే సోమవారం చెల్లెలు వెళ్ళిపోతుంది. చెప్పకపోతే వెళ్ళదు. తాను అబద్ధం ఆడనక్కరలేదు, ఒకరి చెయ్యి పట్టి ఆపనక్కరలేదు. నోరు కదపకుండా ఉంటే చాలు, ఈ ఇంట్లో రెండు కంచాలు రెండుగానే ఉంటాయి. తల్లి పోయినప్పుడు మోకాళ్ళ ఎత్తున్న పిల్ల. తన కొంగు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. పెళ్ళయి వెళ్ళింది, తిరిగొచ్చింది. మళ్ళీ వెళితే? తిరిగి రావడం అనేది మనిషికి ఎన్నిసార్లు రాసి ఉంటుంది?

ఫుట్‌రెస్ట్‌ను మెల్లగా, చప్పుడు కాకుండా, కిందికి దించి లోపలికి వచ్చింది.

సాయంత్రం భోజనాల దగ్గర అక్క ఫుట్‌రెస్ట్ ఊసెత్తలేదు. చెల్లెలు తల వంచుకుని తిని లేచింది. కంచం కడిగి గదిలోకి వెళ్ళింది. కాసేపటికి సంచి బకిల్ విప్పిన చప్పుడు వినిపించి అక్క గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. చెల్లెలు నేల మీద కూర్చుని సంచిలోంచి ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది. స్వెటర్, దుస్తులు, మేజోళ్ళు. కాగితం చుట్టిన బూట్లు ఒళ్ళో పెట్టుకుని ఆగింది.

"వెళ్ళనులే అక్కా. రేపు కబురు పంపిస్తా, ఒంట్లో బాగాలేదని. అబద్ధం కూడా కాదు."

"అదేం మాటే?"

"మేస్త్రి అన్నది నిజమే అయ్యుంటుంది. లేని చప్పుడు వినే మనిషి అర్ధరాత్రి రోగి గుండె ఏం వింటుంది? ఆ గుండె ఆగిందో, ఉందో, నాకేం తెలుస్తుంది? నా చెవుల్ని నేనే నమ్మలేకపోతే ఇక నర్సునేమిటి?" చెల్లెలు నవ్వబోయింది. "టీకొట్టువాడికి మాత్రం మంచి కాలక్షేపం."

సరిగ్గా అక్క కోరుకున్నదే జరిగింది. ఉన్ని స్వెటర్ నేల మీద పడి ఉంది, చేతులు చాపుకుని. చెల్లెలు ఇంట్లోనే ఉంటుంది. ఉంటుంది కానీ, ఇక ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడి, ఇది నిజంగా వినపడిందా అని అక్క ముఖం చూస్తుంది. జీవితమంతా అలా చూస్తుంది. ఆ చూపు అక్కకు ఇప్పుడే కనిపించింది.

"లే," అంది.

"ఎక్కడికి?"

"లేవమంటుంటే! ఇంకా వెలుతురుంది. బండి తియ్యి. నేనెక్కను. నువ్వొక్కదానివే ఆ మలుపు దాకా వెళ్ళి వేగంగా రా. నేను రోడ్డు పక్కన నిలబడతా."

"అక్కా, నాతో ఆటలొద్దు."

"ఆటలాడే వయసా నాది? పో."

పొద్దు వాలిన రోడ్డు మీద అక్క ఒక్కతే నిలబడింది. దూరంగా మలుపు దగ్గర దీపం వెలిగింది. బండి పెరుగుతూ వచ్చింది. ఇంజన్ మోత ముందు వచ్చింది, దాని వెనకే, దానికి అతికించినట్టు, ఇనుము ఇనుమును కొట్టే టకటకటక. అది అక్క పక్కనుంచి పోయింది. ఆ ఖాళీ సీటు కూడా ఆమె పక్కనుంచే పోయింది. ఎందుకో ఆమెకు చెయ్యెత్తి పలకరించాలనిపించింది.

చెల్లెలు తిరిగి వచ్చి ఆపగానే అక్క, "వినపడింది," అంది. "నీ చెవులు బంగారమే. రోగం ఇదీ." వంగి ఎడమ ఫుట్‌రెస్ట్‌ను పైకెత్తి వదిలింది. టక్.

చెల్లెలు వంగి తానూ ఒకసారి ఎత్తి వదిలింది. ఏడవలేదు, నవ్వలేదు. అక్క జేబులు కుట్టగా మిగిలిన పీలిక తెచ్చి ఫుట్‌రెస్ట్‌ను పైకి మడిచి కట్టింది. "ఇప్పుడు పోయి రా." ఈసారి బండి చప్పుడు లేకుండా తిరిగొచ్చింది.

ఆదివారమైనా మేస్త్రి షెడ్డు తెరిచాడు. పీలిక విప్పి, ఇనుప ముక్కను అటూ ఇటూ ఊపి, తన నెత్తిన తానే ఒకటి మొట్టుకున్నాడు. "ఈ మూడు రోజులూ దీన్ని పక్కకు మడిచి మరీ పని చేశాను తల్లీ! ఇన్నేళ్ళూ వెనక కూర్చునే విన్నాను. వెనక ఎవరూ లేనప్పుడు ఎలా ఉంటుందో నాకేం తెలుసు?"

"మీ సిద్ధాంతం కుంటిది మేస్త్రీ," అన్నాడు టీకొట్టువాడు.

"నోర్మూసుకుని టీ పట్రా. అమ్మాయికి ముందు." మేస్త్రి చెల్లెలివైపు తిరిగాడు. "ఆ డాక్టరు మాట అన్నాను చూడమ్మా, అది నాకే చెప్పుకోవాల్సింది."

"పోనీలే అన్నా. మీరొక్కరే అనలేదుగా." అక్క వైపు చూడకుండానే అంది.

కొత్త పిన్ను, రెండు పక్కలా రబ్బరు వాషర్లు, ఒక స్ప్రింగు. మేస్త్రి దాన్ని ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. చెల్లెలు ఒంటరిగా పెద్దరోడ్డు దాకా వెళ్ళి వచ్చింది. వచ్చి ఇంజన్ ఆపకుండా, ముందు చక్రం వైపు చూస్తూ కూర్చుంది.

"ఉందా?" మేస్త్రి అడిగాడు.

"లేదు."

"మరి ముఖం అలా పెట్టావేంటే?" అంటూ అక్క బండి దగ్గరికి వెళ్ళింది.

చెల్లెలు అక్కకు మాత్రమే వినపడేలా చెప్పింది. "ఆయన నడిపేటప్పుడు నేను వెనక కూర్చుని మడమతో దాన్ని కొట్టేదాన్ని అక్కా, వేగం ఎక్కువైతే. మెల్లగా పొండి అని అరవడానికి సిగ్గు. టక టక కొడితే ఆయన తగ్గించేవారు. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు రాగానే నేనూ తగ్గించేదాన్ని. ఆయనే చెబుతున్నారనుకున్నా." గాలి పీల్చుకుంది. "ఇప్పుడు వెనక ఏమీ లేదు. ఎంత వేగంగా పోయినా ఏమీ లేదు."

అక్క ఆమె చేతి మీద చెయ్యి వేసింది. హ్యాండిల్ వణుకు ఆ చేతిలోంచి తన చేతిలోకి వచ్చింది. ఆ వణుకులో బండిది ఎంతో, మనిషిది ఎంతో ఆమెకు తెలియలేదు.

సోమవారం తెల్లవారగానే అక్క సంచిని మళ్ళీ మొదటినుంచీ సర్దింది. వెనక సీటు మీద పెట్టి రెండు తాళ్ళతో కట్టింది, లాగి చూసింది, ఇంకోసారి ముడి బిగించింది.

"చేరగానే కబురు చెయ్యి."

"చేస్తా."

"మలుపుల దగ్గర..."

"మెల్లగానే పోతాలేవే. వానలు తగ్గాక సెలవు పెట్టి వస్తా. అప్పుడు నిన్ను కూడా ఎక్కించుకుని తీసుకుపోతా, చూస్తూ ఉండు. కాళ్ళు మాత్రం అంత గట్టిగా తొక్కకు, పిన్ను కొత్తది."

"పోవే, వాగుడుకాయా."

చెల్లెలు వంగి అక్క నుదుటికి తన నుదురు ఆనించింది, చిన్నప్పటిలాగే. బండి వీధి దాటింది, పెద్దరోడ్డు ఎక్కింది. అక్క కళ్ళు మూసుకుని విన్నది. పాత ఇంజన్, నూనె పట్టిన గొంతుతో, ఒకే శ్రుతిలో దూరమైంది. ఎక్కడా ఒక్క అపశ్రుతి లేదు.

బండి చెల్లెలిని ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. ఆ వేసవి చివరా, వానల్లోనూ చెల్లెలు అదే ఘాట్ రోడ్డు మీద గుడిసెలకని వారానికి రెండుసార్లు దిగి ఎక్కింది, ఒక్కసారి కూడా జారలేదు. జ్వరం కొండ మీది గుడిసెల్లో మొదలై ఆస్పత్రికి వచ్చింది. రోగుల నుంచి ఆమెకు పట్టింది. అక్క భయపడ్డట్టే ఈసారి చెల్లెలు ఇంటికి తిరిగి రాలేదు. వానలు తగ్గుముఖం పట్టిన వారంలో, ఒక గురువారం మధ్యాహ్నం, ఆ ఆస్పత్రిలోనే పోయింది.